హుక్డ్ రగ్గును తిరగేసి చూస్తే

మిర్యాలగూడలో మా ఇల్లు రైస్ మిల్లుల నడుమ ఉండటం వల్ల, గోనెసంచి అంటే ధాన్యం నింపి, దబ్బనంతో సుతిలి వేసి మూతి కుట్టేదిగా, చిరిగిపోయాక కాళ్లు తుడుచుకోవడానికి గుమ్మం ముందు పరిచేదిగా మాత్రమే నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కిందటేడు మా అమ్మాయిని చూడటానికి అమెరికా వెళ్లినప్పుడు, మెయిన్ రాష్ట్రంలోని ఒక చిన్న ఊళ్లో పాతవస్తువుల దుకాణం గోడకు వేలాడుతున్న ఒక రగ్గు నన్ను ఆపేసింది. చుట్టూ గులాబీలు, ఆకులు, నడుమ ఒక నల్లకుక్క ఉన్నాయి. దుకాణం నడిపే పెద్దావిడను అడిగి అంచు తిరగేసి చూస్తే, ఆ పూలన్నీ పూసింది మన గోనెపట్టా మీదే.

వీటిని హుక్డ్ రగ్గులు అంటారు. కొయ్యచట్రానికి గోనెపట్టాను బిగించి, పాత ఉన్నికోట్లను, గౌన్లను, దుప్పట్లను సన్నని పేలికలుగా కత్తిరించి, ఒక చేత్తో పేలికను పట్టా కింద పట్టుకొని, రెండో చేత్తో పైనుంచి కొక్కెం దింపి, నేత సందులోంచి పేలికను చిన్న లూపుగా పైకి లాగుతారు. ఎక్కడా ముడి వేయరు, దారంతో కుట్టరు. పక్కపక్కనే ఒత్తుగా నిండిన లూపులు ఒకదాన్నొకటి నొక్కి పట్టుకోవడం వల్లనే రగ్గు ఏళ్ల తరబడి కాళ్ల కింద నిలుస్తుంది. గోనె నేత వదులుగా ఉంటుంది కాబట్టే కొక్కెం సులువుగా దిగుతుంది. మనం ముతక అని పక్కన పెట్టే గుణమే అక్కడ పనికొచ్చింది.

అమెరికా ఈశాన్య తీరంలోనూ, దాని పైనున్న కెనడా తీరంలోనూ ఈ పని 19వ శతాబ్దం నడిమికాలం నుంచి విస్తరించింది. గోనె చవకగా దొరకడం మొదలైంది అప్పుడే. ఆ జనపనార పండింది బెంగాల్‌లో. కలకత్తా దగ్గరి రిష్రాలో మన దేశపు తొలి జనపనార మిల్లు 1855లో మొదలైంది. తివాచీ కొనలేని ఇళ్ల ఆడవాళ్లు ఖాళీ సంచిని విప్పి, ఉతికి, కాలిన బొగ్గుతో దాని మీద తమ ఇంటినో, పడవనో, పెంపుడు జంతువునో గీసుకునేవారు.

మెయిన్‌లోని బిడ్డెఫర్డ్‌కు చెందిన ఎడ్వర్డ్ సాండ్స్ ఫ్రాస్ట్ అనే తిరుగు వ్యాపారి 1860ల చివర్లో రేకు అచ్చులు కత్తిరించి, గోనె మీద బొమ్మలు ముద్రించి అమ్మాడు. ఆయన సింహాలు, పూలదండలు చక్కగా కుదిరినవే, వాటి వల్ల ఎంతోమంది ఈ పని చేపట్టారు. అయినా నా మనసు మాత్రం ఇంట్లో చేత్తో గీసుకున్నవాటి మీదే నిలుస్తుంది.

నేను చూసిన కుక్కకు నాలుగు కాళ్లూ ఒకే వైపు ఉన్నాయి, కన్ను మాత్రం ఎంతో శ్రద్ధగా, తెల్లని రెండే రెండు లూపులతో వచ్చింది. దాని వీపు వెనక బూడిదరంగు నేల సగానికి వచ్చేసరికి కాస్త నీలంగా మారింది. పాత కోటు గుడ్డ అయిపోయి మరో గుడ్డ అందుకున్న చోటు అది. రగ్గు చేసినామె ఆ తేడాను దాచకుండా, కొత్త రంగును కుక్క తోక వంపు వెంట తిప్పి గాలి వీచినట్టు చేసింది. ఆ చోటు చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను. మా నాయినమ్మ కుట్టిన బొంతలో కూడా నారాయణపేట చీర ముక్క ఒక మూలకు చాలక, అక్కడ ఎర్రటి రవికె గుడ్డ వేసి, కుట్టువరుసను మాత్రం తెగకుండా అంచు వెంట తిప్పి లోపలికి తీసుకుపోయింది.

రగ్గు ధర నా అందుబాటులో లేదు. గోనె పాతబడితే ఎండి పెళుసవుతుందని, మడత పెట్టిన చోటే మొదట విరుగుతుందని, బొమ్మ బయటికి వచ్చేలా చుట్టి పెట్టాలని ఆ పెద్దావిడ ఓపికగా చెప్పింది. ఇంటికి రాగానే బీరువాలో నాలుగు మడతలుగా ఉన్న నాయినమ్మ బొంతను తీశాను. మడతల దగ్గర గుడ్డ అప్పటికే పలచబడింది. ఇప్పుడు దాన్ని పాత నూలుచీరతో కలిపి చుట్టి, పైన బరువేమీ పెట్టకుండా ఉంచుతున్నాను.