చచ్చిన గూబతో నాలుగు గంటలు

నిన్న సాయంత్రం గుడ్లగూబ కాలేయం ల్యాబ్‌లో అప్పజెప్పి ఇంటికొచ్చా. ఒళ్లు మండుతుండగానే రాసేస్తున్నా.

మిర్యాలగూడ వైపు వరిపొలాల్లో ఎలుకలకు బ్రోమడయోలోన్ అనే మందు కలిపిన కేకులు పెడతారు. అందులో మందు 0.005 శాతమే. జింక్ ఫాస్ఫైడ్ అనే ఇంకో ఎలుకల మందులా అప్పటికప్పుడు చంపదు, రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. ఎలుక చావడానికి రోజులు పడుతుంది. ఈలోపు తూలుతూ తిరిగేదాన్ని గూబ సులువుగా పట్టేస్తుంది. మందు గూబ కాలేయంలో చేరి నిలుస్తుంది. నా పీహెచ్‌డీ దీనిమీదే.

అటవీశాఖ అనుమతి కాగితం తిరగ్గా తిరగ్గా వచ్చింది. గూబలు కక్కిన ఉండలు ఏరడమైతే హాయి. నానబెట్టి విప్పితే వెంట్రుకల మధ్య ఎలుక పుర్రె, నారింజ రంగు పళ్లతో సహా బయటపడుతుంది.

మొన్న ఒక రైతు ఫోన్ చేశాడు, మోటారు షెడ్డు దగ్గర గూబ చచ్చిపడిందని. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చచ్చిన అడవి పక్షి కూడా సర్కారు ఆస్తే. నా కాగితంలో ఉండల మాటే ఉంది. అటవీశాఖ ఆఫీసుకు ఫోన్ చేస్తే "పట్టుకరా" అన్నారు. థర్మాకోల్ డబ్బాలో ఐసు వేసి తీసుకెళ్లా.

"చేపలా మేడం?" అంటూ అటెండర్ మూత తీశాడు. తెల్లటి మొహం, సగం మూసిన కళ్లు. మూత వదిలేసి వెనక్కి దూకాడు. "అమాస పూట గూబను తెస్తవా అమ్మా!"

గుమాస్తా బయటికే రాలేదు. కిటికీలోంచే అడిగాడు: "బాణామతికా?" నవ్వులాటకు కాదు. ఐడీ కార్డు చూపించా, అనుమతి చూపించా. ఎవరో ఫోటో తీశారు. మా నాన్న పేరు, ఊరు, పెళ్లయిందా, అన్నీ అడిగి వేపచెట్టు కింద కూర్చోమన్నాడు. మా ఊళ్లో ఇంత చదివిన ఆడపిల్ల నేనొక్కదాన్నే. ఆ చెట్టు కింద మాత్రం మంత్రగత్తెను. ఎండకు ఐసు కరుగుతుంటే సోడాబండి దగ్గర మూడుసార్లు కొన్నా. కాలేయం కుళ్లితే అంతా వృథా.

నాలుగింటికి పెద్దసారు వచ్చి రెండు నిమిషాల్లో సంతకం పెట్టారు. పశువుల డాక్టరు కోస్తే ఛాతీ నిండా గడ్డకట్టని రక్తం. రిజల్టు రావాలి.

మీరూ ఇలాంటి పరిశోధన చేస్తుంటే, దరఖాస్తు పెట్టేటప్పుడే "చచ్చిన పక్షులు" అని రాయండి. ఫోన్లో చెప్పింది నమ్మకండి, కాగితం మీద అడగండి.

వచ్చేస్తుంటే ఆ గుమాస్తానే వెనక నుంచి పిలిచాడు. "అమ్మా, మా ఇంట్ల ఎలుకలు మస్తున్నయి. ఏ మందు మంచిది?"

"బోను," అన్నా.