ఫుట్‌పాత్‌లో మనిషికి మిగిలిందెంత?

నడవడానికి వీలైన నగరం అనగానే ప్లానింగ్ విద్యార్థులు ల్యాప్‌టాప్ తెరుస్తారు. దానికంటే ముందు 5 మీటర్ల టేపు, మేస్త్రీలు వాడే నీళ్ల లెవెల్ పైపు, చాక్‌పీసు, అట్ట, పెన్సిలు కొనుక్కోండి. అమీర్‌పేట్‌లోనో ఉప్పల్‌లోనో మెట్రో మెట్లు దిగిన చోట మొదలుపెట్టి, ప్రతి 20 మీటర్లకూ ఒక గీత గీసుకుంటూ కిలోమీటరు నడవండి. దాదాపు 50 కొలతలు చేతికొస్తాయి.

ప్రతి గీత దగ్గరా ఈ కొసనుంచి ఆ కొసకు టేపు పట్టి రాసుకోవడం అందరూ చేసే తప్పు. డ్రాయింగులో 3 మీటర్లున్న ఫుట్‌పాత్‌నే తీసుకోండి. గోడవైపు షాపు మెట్టు 60 సెంటీమీటర్లు తినేసింది. రోడ్డువైపు కరెంటు స్తంభం, దానికి వేలాడే కేబుల్ చుట్ట, చెట్టు చుట్టూ కట్టిన గద్దె కలిపి 1.2 మీటర్లు. మనిషికి మిగిలింది 1.2 మీటర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ఐఆర్‌సీ 103 మార్గదర్శకాల ప్రకారం ఇళ్లున్న చోట అడ్డం లేని నడక వెడల్పు కనీసం 1.8 మీటర్లు, దుకాణాలున్న చోట 2.5 ఉండాలి. తల మీద 2.2 మీటర్ల వరకు ఏదీ తగలకూడదు. ఈ చివరిది ఎవరూ కొలవరు. షాపు బోర్డు మూల పొడుగాటివాళ్ల నుదుటికి తగిలేది అందుకే.

ఇక ఎత్తు. కర్బు, అంటే ఫుట్‌పాత్ అంచు రాయి, 150 మిల్లీమీటర్లు దాటకూడదు. మన దగ్గర చాలాచోట్ల అది 300 దాకా పోతుంది. ఎందుకంటే ఇక్కడి ఫుట్‌పాత్ చాలాసార్లు వాననీటి కాలువ మీద పరిచిన మూతే. కాలువ ఎంత ఎత్తున పోతే ఫుట్‌పాత్ అంత ఎత్తున ఉంటుంది, నడిచేవాళ్ల మోకాళ్లు ఎవరికీ గుర్తురావు. బైకులు ఎక్కకుండా ఎత్తు పెంచామనేవాళ్లూ ఉన్నారు. బైకులు ఎక్కడం ఆగదు, గేటు ర్యాంపులు ఉన్నాయిగా! ఆగిపోయేది మోకాళ్ల నొప్పులున్నవాళ్లు.

అసలు రోగం ఆ గేటు ర్యాంపుల్లోనే ఉంది. ఇంటి యజమాని తన కారు కోసం ఫుట్‌పాత్‌ను అడ్డంగా కోసి, గేటు నుంచి రోడ్డు దాకా వాలు పోస్తాడు. ప్రతి 12 మీటర్లకూ ఒక గేటున్న వీధిలో నడకంటే దిగడం, ఎక్కడం, మళ్లీ దిగడం. విసుగొచ్చి రోడ్డు మీదికి దిగిపోతాం. సరైన పద్ధతిలో ఫుట్‌పాత్ మట్టం మారదు, కారే పైకెక్కాలి. ఎక్కే వాలు స్తంభాలు, చెట్లు ఉండే రోడ్డువైపు పట్టీలోనే ముగిసిపోవాలి. 150 మిల్లీమీటర్ల ఎత్తుకు 90 సెంటీమీటర్ల వాలు కారుకు సరిపోతుంది. చక్రాల కుర్చీకి మాత్రం 1:12 వాలు కావాలి, అంటే అదే ఎత్తుకు 1.8 మీటర్ల పొడవు. ఇరుకు ఫుట్‌పాత్ మీద అంత వాలు అడ్డంగా పడితే నడిచే చోటంతా అదే మింగేస్తుంది. అలాంటప్పుడు మూల మలుపు దగ్గర ఫుట్‌పాత్ మొత్తాన్నీ పొడవునా మెల్లగా దించాలి.

బైకులను ఆపడానికి పాతే బొల్లార్డుల (పొట్టి స్తంభాల) సంగతీ చూడండి. చక్రాల కుర్చీకి కనీసం 90 సెంటీమీటర్ల సందు కావాలి. బైకు హ్యాండిల్ వెడల్పు 70, 80 మధ్య ఉంటుంది. కుర్చీని పోనిచ్చి బైకును ఆపే సందు లేదు. సందు తగ్గించి గెలిచామనుకోవడం మోసం.

రోడ్డు దాటే చోటును గంట లెక్కన చూడాలి. మనుషుల సంఖ్యను వాహనాల సంఖ్య వర్గంతో (స్క్వేర్‌తో) గుణిస్తారు. డివైడర్ ఉన్న రోడ్డు మీద అది 20 కోట్లు దాటితే సిగ్నల్ లాంటి ఏర్పాటు కావాలని చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క. గంటకు 200 మంది, 1,500 వాహనాలు ఉన్నా 45 కోట్లు వస్తుంది. సిగ్నల్ పెట్టాక సెకన్లు చూసుకోండి. సెకనుకు 1.2 మీటర్ల నడకన 24 మీటర్ల రోడ్డు దాటడానికి 20 సెకన్లు. సెకనుకు 0.8 మీటర్లు నడిచే పెద్దావిడకు 30. ఆ పది సెకన్లు ఇవ్వలేకపోతే మధ్యలో నిలబడే చోటైనా వదలాలి, అదీ మోకాలెత్తు డివైడర్ కాకుండా.

మన ఎండకు వెడల్పు ఒక్కటే చాలదు. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు హైదరాబాద్ పాతబస్తీ పత్తర్‌గట్టీలో దుకాణాల ముందు రాతి తోరణాల నీడ కట్టించింది. ఇప్పుడు చెట్టు మొదలు దాకా సిమెంటు పోసి, చెట్టు ఎండిపోతే ఆశ్చర్యపోతున్నాం. మొదలు చుట్టూ ఒక మీటరు మట్టి వదిలితే నీళ్లు దిగుతాయి, వేళ్లు పలకలను లేపడమూ తగ్గుతుంది.

చదువు విషయానికొస్తే, ఇంటర్‌లో లెక్కలుంటే జేఈఈ మెయిన్ ప్లానింగ్ పేపరు రాసి విజయవాడ స్పాలో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) నాలుగేళ్ల బి.ప్లాన్ డిగ్రీకి వెళ్లొచ్చు. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూలోనూ ప్లానింగ్ ఉంది. సివిల్, ఆర్కిటెక్చర్ వాళ్లకు గేట్ పరీక్ష మీదుగా రెండేళ్ల ఎం.ప్లాన్. సర్కారు టౌన్ ప్లానింగ్ ఉద్యోగంలో ఎక్కువ భాగం ఇళ్ల అనుమతుల ఫైళ్లే. కొత్తవాళ్లు దానికి నీరుగారిపోతారు కానీ, గేటు ఎక్కడ పడుతుందో, సెల్లారు ర్యాంపు ప్లాటు లోపల మొదలవుతుందో బయట మొదలవుతుందో తేలేది ఆ ఫైల్లోనే. అక్కడ వదిలేసిన అడుగును తర్వాత ఏ సుందరీకరణా వెనక్కి తేలేదు.

తోపుడు బండ్లను మాత్రం అడ్డంకుల కాలమ్‌లో గుడ్డిగా రాయకండి. 2014 వీధి వ్యాపారుల చట్టం వాళ్లకు చోటు చూపించమంటుంది. బండిని కర్బువైపు పట్టీలో, ముఖం ఫుట్‌పాత్ వైపు ఉండేలా గీయండి. రోడ్డువైపు తిప్పితే కొనేవాళ్లు ట్రాఫిక్‌లో నిలబడతారు. వాళ్లు నిలబడడానికి ఇంకో 60 సెంటీమీటర్లు లెక్కలో పెట్టుకోవాలి. ఉదయం ఏడింటికి మిర్చి బండి ఉండదు కాబట్టి, అవే 50 గీతల మీద సాయంత్రం ఏడింటికి మళ్లీ టేపు పట్టండి.