ఒక సీసా, ఇద్దరం

ఆదివారం, రాత్రి పదిన్నర.

పగలంతా బట్టలు, కూరగాయలు, కరెంటు బిల్లుతోనే గడిచింది. సాయంత్రం బెంగళూరు మారతహళ్లిలో మా మేడ మీదికి బావ వచ్చాడు. ఆఫీసు పని మీద బెల్జియం వెళ్లి నా కోసం ఒకే ఒక్క సీసా తెచ్చాడు: రోష్‌ఫోర్ 10, అక్కడి క్రైస్తవ సన్యాసుల మఠంలో తయారయ్యే బీరు. పరిమాణం 330 మిల్లీలీటర్లు, ఆల్కహాలు 11.3 శాతం.

"ఇంత చిన్న సీసా ఇద్దరికి సరిపోతుందా?" అన్నాడు.

లెక్క చెప్పాను. మనం ఇక్కడ కొనే 650 మిల్లీలీటర్ల సీసాలో 5 శాతం బీరుంటే, అందులో ఆల్కహాలు 32.5 మిల్లీలీటర్లు. ఈ బుల్లి సీసాలో 37 పైచిలుకు. చెరి సగం చాలా ఎక్కువే.

ఫ్రిజ్‌లోంచి ముందే తీసి ఉంచాను. మరీ చల్లగా ఉంటే ఇలాంటి బీరు వాసన విప్పదు. అడుగున ఈస్టు మడ్డి కదలకుండా మెల్లగా వంచాను. ముక్కు దగ్గర పెట్టుకోగానే ఎండుద్రాక్ష, ఖర్జూరం, ముదురుపాకం బెల్లం. మింగాక గొంతులో సన్నని వెచ్చదనం, ఆ వెనకే చాక్లెట్ చేదు. ఒక్కో గుక్కకూ మధ్య ఎంతసేపు ఆగామో!

సీసా మీది 10 శాతం కాదు. పులియబెట్టక ముందు మాల్టు (మొలకెత్తించిన బార్లీ) ద్రవం ఎంత చిక్కగా ఉందో చెప్పే పాత బెల్జియన్ కొలత. ఘాటును కాక చిక్కదనాన్ని పేరుగా పెట్టుకోవడం నాకెంత నచ్చుతుందో చెప్పలేను. మన దగ్గర స్ట్రాంగ్ అంటే 5 దాటి 8 శాతం లోపు. దాన్ని మంచులా చల్లబరిచి, త్వరగా మత్తెక్కాలని తాగేవాళ్లనే ఎక్కువగా చూశాను. అది చూసి బలమైన బీరంతా ఇంతే అనుకోవడం అన్యాయం. బలం ఉన్న బీరే మనిషిని నెమ్మదిగా తాగమంటుంది.

"సన్యాసులు బీరు చేయడమేమిటి?" అన్నాడు బావ. ఆ మఠంవాళ్లు ట్రాపిస్టులనే కాథలిక్ శాఖ సన్యాసులు. వాళ్లు తమ చేతి కష్టం మీదే బతకాలన్న నియమం పెట్టుకున్నారు. బీరు అందులో ఒక పని. జర్మనీలోని మ్యూనిక్‌లో పౌలానర్ అనే మరో శాఖ సన్యాసులైతే ఉపవాస కాలంలో ఇలాంటి చిక్కటి బీరుతోనే కడుపు నింపుకునేవారట. మా అమ్మమ్మ ఏకాదశి పాలు గుర్తొచ్చాయి.

ఇంకో సీసా ఉంటే తెరవనివ్వను. చీకటి అలమరలో నిలబెట్టి ఐదేళ్లు దాచుతాను. ఇలాంటివి ఏళ్ల తరబడి నిలిచి, రుచి మార్చుకుంటూ ముదురుతాయి.

వాన మొదలయ్యాక బావ గొడుగు తీసుకుని పక్కవీధిలోని ఇంటికి నడిచి వెళ్లాడు. గ్లాసులు ఇంకా కడగలేదు. బెల్లం వాసన పోలేదు.