‘ప్రశ్న ఉత్పన్నం కాదు’: ఎంపీ ఆఫీసులో నా మొదటి ఏడాది

ఎం.ఏ. అయ్యాక ఢిల్లీలో ఒక ప్రతిపక్ష ఎంపీ గారి దగ్గర పార్లమెంటు పనులు చూసే సహాయకురాలిగా చేరాను. వినడానికి బాగానే ఉంటుంది కానీ మొదటి రెండు నెలలూ నేను చేసింది రైలు టికెట్ల కోటా ఉత్తరాలు టైపు చేయడం, ఊరి నుంచి వచ్చినవాళ్లకి ఆసుపత్రి దారి చెప్పడం. వర్షాకాల సమావేశాలు దగ్గరపడ్డాక ఒకరోజు సార్ పిలిచి, "మన దగ్గర ఆడపిల్లల హాస్టల్ బిల్డింగు మూడేళ్ల నుంచి లింటెల్ దగ్గరే ఆగిపోయింది. డబ్బు కేంద్రానిది. ఒక ప్రశ్న రాయమ్మా" అన్నారు.

ఏ పథకమో, ఏ శాఖో చెప్పను. హాస్టళ్ల పథకం అనుకోండి, చాలు.

ఆ రాత్రి కూర్చుని ఆవేశంగా రాశాను. "పేద ఆడపిల్లల చదువు పట్ల ప్రభుత్వం ఇంత నిర్లక్ష్యం ఎందుకు వహిస్తోంది?" అని మొదలుపెట్టాను. అది అనుమతి దొరక్క వెనక్కి వచ్చింది. లోక్‌సభ నియమాల్లో ప్రశ్న ఎలా ఉండకూడదో ఒక పెద్ద చిట్టా ఉంది. వాదన ఉండకూడదు, ఎత్తిపొడుపు ఉండకూడదు, మన ఊహను నిజమన్నట్టు అందులో దూర్చకూడదు, 150 మాటలు దాటకూడదు. నేను ఒకే వాక్యంలో మొదటి మూడూ చేసేశాను.

పక్క ఎంపీ గారి ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవారు. శ్రీకాకుళం వైపు మనిషి. నాలుగు పార్టీల ఎంపీల దగ్గర పనిచేశారు, ఏ పార్టీ మీదా ప్రత్యేకంగా ప్రేమ లేదు. నా కాగితం చూసి, "ఏటమ్మా ఇది, ప్రశ్నా, ఎడిటోరియలా?" అన్నారు. ముఖం మాడిపోయింది నాకు.

మళ్లీ రాశాను. ఈసారి పాత ప్రశ్నల పద్ధతి చూసి రాశాను. (ఎ) హాస్టళ్ల నిర్మాణంలో జాప్యం జరుగుతున్న మాట వాస్తవమేనా? (బి) అయితే ఆ వివరాలు ఏమిటి? (సి) కారణాలేమిటి? (డి) ప్రభుత్వం తీసుకున్న చర్యలేమిటి? చూడ్డానికి పద్ధతిగానే ఉంది, అనుమతీ వచ్చింది. జవాబు కోసం పదిహేను రోజులు పైగా కాచుకున్నాను, ఎందుకంటే ప్రశ్నకి కనీసం పదిహేను పూర్తి రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. వచ్చిన జవాబు ఇది. (ఎ) కాదు. (బి) నుంచి (డి) వరకు: ప్రశ్న ఉత్పన్నం కాదు.

అంతే. ఒకటిన్నర లైను.

పెద్దాయన ఈసారి నవ్వలేదు. "నువ్వే తలుపు తీసి పెట్టావు కదా, వాళ్లు వెళ్లిపోయారు. 'అవునా' అని అడిగితే 'కాదు' అంటారు. 'ఎందుకు' అంటే పేరా రాసిస్తారు. 'ఎంత' అను, ఏడాది వారీగా, రాష్ట్రం వారీగా. అప్పుడు పట్టిక ఇవ్వక తప్పదు" అన్నారు. తరవాత ఇంకో మాట కూడా చెప్పారు. కేటాయింపు, మంజూరు, విడుదల, వినియోగం, ఈ నాలుగూ వేరు వేరు, ఒక్కటి వదిలేసినా శాఖ అక్కడి నుంచే జారిపోతుంది అని.

సమావేశాలు లేని ఆ రెండు మూడు నెలలూ పాత జవాబులు చదివాను. లోక్‌సభ వెబ్‌సైటులో అన్నీ ఉంటాయి, చదివేవాళ్లే తక్కువ. వాటిలో 2019 జనవరిలో ‘బేటీ బచావో బేటీ పఢావో’ మీద వచ్చిన జవాబు నన్ను బాగా పట్టేసింది. అధికార, ప్రతిపక్షాలకి చెందిన ఐదుగురు సభ్యులు అడిగారు. ఒకే విషయం మీద చాలామంది నోటీసులిస్తే అన్నిటినీ ఒకే ప్రశ్న కింద కలిపేస్తారు. మంత్రి ఇచ్చిన అంకెలు కలిపి చూస్తే, 2014-15 నుంచి 2018-19 వరకు ఆ పథకానికి కేటాయించిన దాంట్లో 56 శాతం పైగా ప్రచారానికే వెళ్లింది, జిల్లాలకీ రాష్ట్రాలకీ చేరింది పాతిక శాతం లోపే. అందులో ఎవరూ ఎవరినీ తిట్టలేదు. దేని కింద ఎంత వెళ్లిందో ప్రభుత్వమే రాసిచ్చింది.

శీతాకాల సమావేశాలకి నా ప్రశ్నలో ఒక్క విశేషణం కూడా లేదు. గత ఐదేళ్లలో రాష్ట్రాల వారీగా ఎంత కేటాయించారు, ఎంత విడుదల చేశారు, ఎంత ఖర్చయింది, ఎన్ని కట్టడాలు పూర్తయ్యాయి, మిగిలినవి త్వరగా ముగించడానికి ఏం చేస్తున్నారు. నక్షత్ర గుర్తుతో నోటీసు ఇచ్చాం.

ఇక్కడ లాటరీ సంగతి చెప్పాలి. ఒక ఎంపీ ఒక రోజుకి ఐదు నోటీసులే ఇవ్వగలరు. వాటిలో నక్షత్ర గుర్తుతో అనుమతించేది ఒక్కటే. సభ మొత్తానికి రోజుకి ఇరవై నక్షత్ర గుర్తు ప్రశ్నలు, 230 మామూలువి. మామూలు వాటికి రాతలో జవాబు వస్తుంది, నక్షత్రం ఉంటే మంత్రి లేచి నిలబడి చెప్పాలి, అడిగిన సభ్యుడు రెండు అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. ఎవరి ప్రశ్న ముందు అన్నది బ్యాలెట్ తీసి తేలుస్తారు. ఇరవైలో చోటు దొరికినా, ప్రశ్నోత్తరాల గంటలో నాలుగైదు ప్రశ్నలు దాటి ముందుకి వెళ్లడం అరుదు. మాది మూడో నంబరు. ఆ రోజు ఆఫీసులో స్వీట్లు పంచారు, నిజంగా.

ముందు రోజు రాత్రి సార్‌కి రిహార్సల్ చేయించాం. నేను మంత్రి, ఆయన ఎంపీ. ఆయనకి సోషలిస్టు నాయకుడు లోహియా అంటే పిచ్చి. 1963లో అవిశ్వాస తీర్మానం మీద చర్చలో, దేశంలో కోట్లమంది రోజుకి మూడణాల మీద బతుకుతున్నారని లోహియా అంటే, ప్రభుత్వం పదిహేనణాలంది. "చూశావా, ప్రధానమంత్రి అంతటివాడు అణాల లెక్క చెప్పాల్సి వచ్చింది" అని సార్ మురిసిపోతూ రెండుసార్లు చెప్పారు. మూడోసారి చెప్పబోతుంటే టైమైందన్నాను.

పొద్దున్న సభకి ముందే జవాబు కాపీ దొరికింది. నక్షత్ర గుర్తు ప్రశ్నలు ఆకుపచ్చ కాగితం మీద వస్తాయి, మామూలువి తెల్ల కాగితం మీద. పట్టిక ఉంది! మా రాష్ట్రం వరసలో విడుదల గడిలోని అంకె, కేటాయింపు గడిలోని దాంట్లో సగం కూడా లేదు. అయితే పక్కన చిన్న చుక్క గుర్తు ఉంది. కింద దాని వివరణ: రాష్ట్రం నుంచి వినియోగ పత్రాలు (అంటే ఇచ్చిన డబ్బు ఖర్చుపెట్టామని చూపే కాగితాలు) రానందున తదుపరి వాయిదా విడుదల కాలేదు. ఏ రెండేళ్ల పత్రాలో కూడా రాశారు. ఆ రెండేళ్లూ రాష్ట్రంలో ఉన్నది మా పార్టీ ప్రభుత్వమే.

సార్‌కి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాటలేదు. "సరే చూద్దాం" అని పెట్టేశారు.

సహాయకుల్ని సభలోకి రానివ్వరు కాబట్టి గదిలో టీవీ ముందు కూర్చున్నాను. పదకొండుకి సభ మొదలైంది. వేరే ఏదో గొడవ మీద ప్లకార్డులు పట్టుకుని సభ్యులు స్పీకర్ పోడియం దగ్గరికి దూసుకెళ్లారు. వాళ్లలో మా పార్టీ వాళ్లూ ఉన్నారు. కెమెరా స్పీకర్ మీంచి కదల్లేదు కానీ ఆ నినాదాల గొంతుల్లో ఒకటి నాకు బాగా తెలుసు. మొదటి ప్రశ్న దగ్గరే సభ పన్నెండుకి వాయిదా పడింది. నాలుగు నెలల పని ఐదు నిమిషాల్లో పోయింది. ప్రశ్నోత్తరాల గంట పోతే మళ్లీ రాదు, జవాబుని సభ ముందు ఉంచినట్టు లెక్క వేసుకుంటారు. అధికార పక్షం వాళ్లు అడ్డుపడి ఉంటే ఇంత ఏడుపు వచ్చేది కాదేమో. ఆ చుక్క గుర్తు తలుచుకుంటే, ఎవరికి కలిసొచ్చిందో కూడా నాకు అర్థం కాలేదు.

సాయంత్రం సార్ వచ్చి అడిగిన మొదటి మాట, "ఆ పట్టిక ప్రెస్‌కి ఇచ్చావా?"

"లేదు సార్. కానీ సభ ముందు పెట్టారు కాబట్టి వెబ్‌సైటులోకి వస్తుంది."

ఆయన కాగితం మళ్లీ చదివారు. ఆయన మీద నాకు గౌరవం కలిగింది ఆ రోజే అనుకుంటా. కేంద్రాన్ని విమర్శిస్తూ ప్రకటన రాయించారు, అందులో చుక్క గుర్తు సంగతి లేదు, అది నిజం. కానీ అదే రాత్రి రాష్ట్రంలోని శాఖకి పత్రాలు ఎందుకు పంపలేదని ఉత్తరం కూడా రాయించారు. అది మాత్రం పత్రికలకి వెళ్లలేదు.

బడ్జెట్ సమావేశాల్లో ఇంకో ప్రయత్నం చేశాం. గ్రాంట్ల డిమాండ్ల మీద, అంటే ఒక్కో శాఖ ఖర్చుకి ప్రభుత్వం సభని అడిగే డబ్బు మీద, కోత తీర్మానం ఇవ్వొచ్చు. ఫలానా పని జరగలేదని చెప్పడానికి ఆ శాఖ డిమాండ్‌లో వంద రూపాయలు తగ్గించమని అడుగుతారు. వంద రూపాయలే! నెగ్గడానికి కాదు, నెగ్గితే ప్రభుత్వమే పడిపోయినంత పని. మాట్లాడటానికి ఒక సాకు. కానీ మా శాఖ చర్చకి రాలేదు. గడువు ముగియగానే మిగిలిన డిమాండ్లన్నిటినీ చర్చ లేకుండా ఒక్కసారే ఓటింగుకి పెడతారు, దాన్ని గిలటిన్ అంటారు. 2018లో, 2023లో అయితే ఒక్క శాఖ మీదా చర్చ లేకుండానే మొత్తం అయిపోయింది. ఆ రోజు పేపర్ల కట్ట అలాగే బీరువాలో పెట్టేశాను.

అయితే శీతాకాలం జవాబులో చివరి భాగానికి "విషయం పరిశీలనలో ఉంది" అని రాశారు. నేను విసుక్కుని వదిలేశాను. పెద్దాయనే పట్టుకున్నారు. "అమ్మాయ్, ఇది హామీ కిందికి వస్తుందేమో చూడు." సభలో మంత్రి అలాంటి మాట అంటే ప్రభుత్వ హామీల కమిటీ దాన్ని రాసిపెట్టుకుంటుంది, మూడు నెలల్లో నెరవేర్చాలి. గడువు పొడిగింపులు అడుగుతూనే ఉంటారు, అది వేరే కథ. చూస్తే మాదీ జాబితాలో ఉంది. తరవాతి వర్షాకాలంలో ఒక పేజీ వివరణ సభ ముందుకొచ్చింది. మా రాష్ట్రం పత్రాలు అందాయనీ, వాయిదా విడుదలైందనీ. కమిటీ వల్లో, సార్ రాసిన ఉత్తరం వల్లో చెప్పలేను.

మొన్న దసరాకి ఊరెళ్లినప్పుడు హాస్టల్ చూసొచ్చాను. స్లాబ్ పడింది, కిటికీలు బిగించారు. కరెంటు లైను ఇంకా రాలేదు. అది ఏ పద్దు కిందికి వస్తుందో వెతుకుతున్నాను. నోటీసు మాత్రం సగం రాసిపెట్టాను, "ఎంత" తోనే మొదలవుతుంది.