అమ్మ వచ్చేసరికి

నేను అమెరికా వచ్చిన కొత్తలో అమ్మ ఒక్కచోట కూర్చునే మనిషి కాదు. "నీ దగ్గరికేముందిరా, ఎప్పుడైనా రావచ్చు" అనేది. ఎప్పుడైనా వచ్చి ఉండిపోవడానికి కుదరదని నాకూ అప్పుడు తెలీదు. మనకి గ్రీన్ కార్డు ఉన్నంత మాత్రాన తల్లికి గ్రీన్ కార్డు కోసం పిటిషన్ వేయలేం, సిటిజెన్ అయితేనే. ఆ కార్డు లైన్లో మనవాళ్ళు ఏళ్ళ తరబడి పడిగాపులు కాయడం అందరికీ తెలిసిందే, అది వచ్చాక సిటిజెన్ కావడానికి మామూలుగా ఇంకో 5 ఏళ్ళు. ఈలోపు అమ్మకి పార్కిన్సన్స్ వచ్చింది, ఒళ్ళు బిగుసుకుపోయి కదలిక మందగించే మెదడు జబ్బు. జబ్బుకి మన ప్రయారిటీ డేట్‌తో, అంటే ఆ లైన్లో మన వంతు లెక్కగట్టే తేదీతో, ఏం పని?

ఆ పిటిషన్ ఫారం, ఐ-130, నింపడం పెద్ద కష్టమేం కాదు. ఐ-864 మాత్రం చదివి సంతకం పెట్టండి, ఆవిడ పోషణ నా బాధ్యత అని ప్రభుత్వానికి రాసిచ్చే కాగితం అది. 65 దాటాయి కదా, పెద్దవాళ్ళకి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా, మెడికేర్, వస్తుందనుకున్నా. ఎప్పుడూ ఇక్కడ పనిచేయని మనిషికి గ్రీన్ కార్డుతో 5 ఏళ్ళు వరసగా ఉంటే గానీ అది కొనుక్కునే వీలు కూడా లేదు. అందాకా ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో కొనుక్కునే ప్రైవేటు ఇన్సూరెన్సే గతి, పాత జబ్బు ఉందని వాళ్ళు కాదనకూడదు, అదొక్కటే ఊరట.

అమ్మ వచ్చిన మొదటి వారం మందులతోనే సరిపోయింది. పార్కిన్సన్స్‌కి వేసే లెవోడోపా మాత్ర టైముకి పడకపోతే మనిషి కొయ్యబారిపోతుంది, పగలూ రాత్రీ తారుమారైన చోట ఏ గంటకి ఏ మాత్రో లెక్క తేలక నేనూ మా ఆవిడా రెండు గడియారాలు పెట్టుకుని కూర్చున్నాం.

ఇంకోటి, గుమ్మాలు. హాల్లో బాగానే నడిచొస్తుంది, బాత్‌రూమ్ గుమ్మం దగ్గర కాళ్ళు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోతాయి. చెయ్యి పట్టి లాగితే పడిపోతుంది. ఫిజియోథెరపిస్ట్ చెబితే గుమ్మం ముందు నేల మీద అడ్డంగా నీలం టేపు అంటించాను. "గీత దాటమ్మా" అనగానే కాలు ఎత్తి దాటేసింది! ఇప్పుడు ఇల్లంతా గీతలే.

ఆఫీసు సంగతి. ఎఫ్ఎంఎల్ఏ అని, ఇంట్లోవాళ్ళ జబ్బుకి సెలవిచ్చే చట్టం కింద ఏడాదికి 12 వారాలు, జీతం లేకుండా. డాక్టర్ అపాయింట్‌మెంట్లకి దాన్ని గంటల లెక్కన వాడుకుంటున్నా. మా ఆవిడ అడిగితే వాళ్ళ ఆఫీసులో కుదరదన్నారు. ఆ చట్టంలో అత్తగారు లెక్కలోకి రారట. స్నానం చేయించేదీ జడ వేసేదీ కోడలు, సెలవేమో కొడుక్కి!

మొన్న అమ్మ ఊరెళ్ళి కొన్నాళ్ళుండి వస్తానంది. "ఏడాది దాటితే కార్డుకే ఎసరమ్మా, ఆర్నెల్లు దాటకపోతే ఇంకా మంచిది" అన్నాను.

"ఆర్నెల్లెందుకురా, నెల చాలు. సంచీలో ఆ టేపు పెట్టడం మర్చిపోకు, అక్కడా గుమ్మాలున్నాయిగా" అంది.