సదరం శాతం తగ్గినా బడి హక్కు పోదు

వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం వైద్య పరీక్షలో పిల్లలకి 40 శాతం లోపు వచ్చిందని కోనసీమలో చాలామంది తల్లిదండ్రులు అక్కడితో ఆగిపోతారు. ఆగొద్దు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 31వ సెక్షన్ 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత చదువు ఇస్తుంది, దానికి 40 శాతం కావాలి. కానీ బడిలో చేర్చుకోవడం, అవసరమైన సదుపాయాలు కల్పించడం చెప్పే 16వ సెక్షన్‌కు ఆ గీత లేదు.

సదరం స్లాట్ సచివాలయంలో బుక్ చేసేముందు ఆధార్‌లో పిల్లాడి పేరు, పుట్టిన తేదీ బడి రికార్డుతో సరిపోల్చండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా తర్వాత యూడీఐడీ కార్డు (దేశమంతా చెల్లే వికలాంగుల గుర్తింపు కార్డు) దగ్గర ఇబ్బంది. సర్టిఫికెట్ తాత్కాలికమైతే గడువు తేదీ గోడ క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి.

తర్వాత మండలంలోని భవిత కేంద్రం, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం పెట్టినది. అక్కడ ఆ పిల్లలకు చెప్పే ఐఈఆర్‌పీ టీచరును ఫిజియోథెరపిస్టు ఏ రోజు వస్తారో అడగండి. కదల్లేని పిల్లలకు ఇంటి దగ్గరే చదువు చెప్పే ఏర్పాటు ఉంది. గోదావరి వరదకు దారి తెగే లంకల్లో ఈ మాట ముందే ఎత్తాలి.

అసలు పని చెడేది నోటిమాట దగ్గర. "చూద్దాంలెండి" అన్న జవాబుకి రుజువుండదు. హెడ్మాస్టరుకి అర్జీ రెండు కాపీలు రాయండి, ఒకదానిపై తేదీ, సంతకం తీసుకోండి. "సాయం చేయండి" అని రాస్తే ఏమీ రాదు. ముందు బెంచీ, పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం, పరీక్షకు అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, ఇలా విడివిడిగా అడగండి. పదో తరగతి సదుపాయాలైతే ఫీజు కట్టే రోజుల్లోనే అడగాలి, హాల్‌టికెట్ వచ్చాక కాదు.