మార్క్‌డౌన్‌కి తెలుగు విభక్తులతో పేచీ

హైదరాబాద్ పాత గ్రంథాలయాల మీద రాసిన కొన్ని వెబ్ పేజీలు దిద్దే పని ఈమధ్య నా చేతిలో ఉంది. సైట్‌లో వాళ్ళిచ్చిన ఆ చిన్న డబ్బాలో పెద్ద వ్యాసం దిద్దడం నావల్ల కాదు, పైగా మా నల్లకుంటలో నాలుగు చినుకులు పడి కరెంటు పోయిందంటే రౌటర్‌తోపాటు దిద్దిందంతా గంగలో కలిసినట్టే. అందుకే హెచ్‌టీఎంఎల్‌ని, అంటే పేజీ వెనకుండే ట్యాగుల కోడ్‌ని, బయటికి తెచ్చి, పాన్‌డాక్ అనే ఫార్మాట్లు మార్చే ప్రోగ్రామ్‌తో మార్క్‌డౌన్‌గా (స్టార్లు, అండర్‌స్కోర్ల లాంటి గుర్తులతోనే బోల్డ్, ఇటాలిక్ చూపించే మామూలు టెక్స్ట్) మార్చి, నా ఎడిటర్‌లో దిద్ది, మళ్ళీ హెచ్‌టీఎంఎల్ చేసి అక్కడ పెడతాను. ఇదేం బ్రహ్మవిద్య కాదు, కానీ తెలుగు దగ్గరికి వచ్చేసరికి ఇందులో కొన్ని తిరకాసులున్నాయి.

2004లో జాన్ గ్రూబర్ మార్క్‌డౌన్‌ని తెచ్చింది ఒకవైపు ప్రయాణానికే. మామూలు టెక్స్ట్ రాస్తే హెచ్‌టీఎంఎల్ రావాలి, అంతే. హెచ్‌టీఎంఎల్‌లో ఉన్నదంతా అందులో పట్టాలని ఆయనేం అనుకోలేదు, పట్టనిది ఉంటే ట్యాగులు అలాగే మధ్యలో రాసుకోమన్నాడు. పాన్‌డాక్ రెండువైపులా మారుస్తుంది. దాన్ని 2006లో మొదలుపెట్టిన జాన్ మెక్‌ఫార్లేన్ బర్క్‌లీలో ఫిలాసఫీ ప్రొఫెసర్, అది నాకు భలే ముచ్చటగా ఉంటుంది. మార్క్‌డౌన్‌లో చెప్పలేని వాటిని, అంటే క్లాసులున్న డివ్‌లు (పేజీలోని ముక్కల్ని పేరు పెట్టి కట్టే డబ్బాలు), గడులు కలిపేసిన టేబుళ్ళ లాంటివాటిని, పాన్‌డాక్ ట్యాగులుగానే వదిలేయగలదు. చూడ్డానికి శుభ్రంగా ఉండాలని ఆ సౌకర్యం ఆపేసేవాళ్ళున్నారు. ఆపితే అవి పోయినట్టే, తిరుగు ప్రయాణంలో ఎక్కడినుంచి వస్తాయి?

అసలు పేచీ విభక్తులతో. మనం ఏ పేరుకైనా లో, కి, ను తగిలించే రాస్తాం కదా. _చార్మినార్_ను అని అండర్‌స్కోర్ పెట్టి రాస్తే ఇటాలిక్ రాదు, ఆ గీతలు అలాగే పేజీలో దిగుతాయి. ఫైళ్ళ పేర్ల మధ్యలో ఉండే అండర్‌స్కోర్లను ఇటాలిక్ అనుకోకూడదని పెట్టిన రూలు అది, ఇంగ్లీషుకి సరిపోయింది, మనకి అడ్డం తిరిగింది. స్టార్‌తో *చార్మినార్*ను అని రాస్తే పనిచేస్తుంది. హెచ్‌టీఎంఎల్‌ని మార్క్‌డౌన్ చేసే టర్న్‌డౌన్ అనే టూల్ వాడేవాళ్ళు ఇది చూసుకోవాలి, అది ఇటాలిక్‌కి అండర్‌స్కోరే పెడుతుంది, సెట్టింగ్ మార్చి స్టార్ పెట్టుకోవచ్చు.

స్టార్ అయినా అన్నిసార్లూ గట్టెక్కించదు. 1901లో పుట్టిన, ఇప్పుడు సుల్తాన్ బజార్‌లో ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పేజీలో **“భాషా నిలయం”**లో అన్న ముక్క వచ్చింది. బోల్డ్ కాలేదు, స్టార్లు స్టార్లుగానే మిగిలాయి. మార్క్‌డౌన్ రూళ్ళని పక్కాగా రాసిపెట్టిన కామన్‌మార్క్ లెక్కలో ముగింపు స్టార్లకి ముందు కొటేషన్ లాంటి గుర్తు ఉండి, వెనకాల వెంటనే అక్షరం ఉంటే అవి ముగింపు కిందికి రావు. కొటేషన్లను బయటికి జరిపి “**భాషా నిలయం**”లో అని రాస్తే సరిపోతుంది. ఇది కళ్ళతో వెతికితే దొరకదు, స్టార్ వెనక తెలుగు అక్షరం ఉన్నచోటల్లా ఆగేలా సెర్చ్ పెట్టుకోండి.

ఇంకోటి, కంటికే కనిపించని అక్షరం. హైదరాబాద్‌లో అన్నప్పుడు ద్ పక్కన జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది, ద్, లో అతుక్కోకుండా ఆపేది అదే. పాన్‌డాక్ దాని జోలికి పోదు. ఎవరో పుణ్యాత్ములు ‘చెత్త క్యారెక్టర్లు తీసేసే’ స్క్రిప్టు నడుపుతారు, అంతే, పేజీ మొత్తం హైదరాబాద్లో, సాఫ్ట్వేర్ అయిపోతుంది. వద్దని మొత్తుకున్నా వినరు.

పద్యాలున్న పేజీ అయితే లైను చివర్లు చూసుకోవాలి. పాదం తెగడానికి చివర రెండు స్పేసులు ఉండాలన్నది పాత పద్ధతి, చాలా ఎడిటర్లలో సేవ్ చేయగానే చివరి స్పేసులు తీసేసే సెట్టింగ్ ఉంటుంది, అది ఆన్‌లో ఉందంటే నాలుగు పాదాలూ కలిసి వచనమైపోతాయి. బ్యాక్‌స్లాష్ పెడితే ఆ బాధ లేదు. పేరాని 1901. అంటూ చుక్కతో మొదలుపెడితే అది 1901వ నంబరు లిస్టు ఐటమ్ అవుతుంది, చుక్క తీసి 1901లో అనండి. పాన్‌డాక్ 72 అక్షరాల దగ్గర లైన్లు విరిచే అలవాటునీ ముందే ఆపేయండి, లేకపోతే మీరు ఒక్క పదం మార్చినా డిఫ్‌లో, అంటే పాతదానికీ కొత్తదానికీ తేడా చూపించే చోట, పేరా అంతా ఎర్రగా కనిపిస్తుంది.

ఏ పేజీ అయినా నేను మొదట ఏమీ దిద్దకుండా అటు మార్చి, ఇటు మార్చి, పాతదానితో డిఫ్ చూస్తాను. తేడాలు కొన్నే ఉంటే ఆ ముక్కల్ని హెచ్‌టీఎంఎల్‌గానే ఉంచి మిగతాది దిద్దుతాను. టేబుళ్ళతో నిండిన పేజీ అయితే మార్చే ఊసే లేదు, ట్యాగుల మధ్యలోనే దూరి దిద్దడమే.